తెల్ల కొమ్మ గింజలు

భువనగిరిలో మా ఇంటి వెనక, అవ్వ పెంచిన చంద్రకాంత చెట్టొకటి ఉండేది. కొన్ని కొమ్మల ఆకులు నిండు పచ్చగా, కొన్నిటివి పచ్చ, తెలుపు మచ్చలతో ఉండేవి. ఒక్క కొమ్మ మాత్రం సున్నం పూసినట్టు తెల్లగా ఉండేది. ఆ కొమ్మ గింజలను అవ్వ ఎన్నడూ పెట్టేది కాదు.

"మొలుస్తయి గని బతకయి బిడ్డా," అనేది.

అరవైలలో నేను నల్లగొండ కాలేజీలో బి.ఎస్సీ.లో చేరాను. పిల్ల మొక్కకు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం లక్షణాలు వస్తాయని చదువుకున్నాక, అవ్వ మాట తప్పని చూపాలని పంతం పట్టాను. దసరా సెలవుల్లో, పూలు విచ్చుకోకముందే తెల్ల కొమ్మ మొగ్గల్లోని కేసరాలు తుంచేసి, పచ్చ కొమ్మ పుప్పొడి అద్ది, పాత చీర పేలికలు చుట్టాను. అలాగే పచ్చ కొమ్మ మొగ్గలకు తెల్ల కొమ్మ పుప్పొడి అద్దాను. గింజలు నల్లబడ్డాక అవ్వే కోసి, రెండు మూటలు కట్టి దాచింది.

తొలకరికి రెండు కుండపెంకుల్లో విత్తాను. తెల్ల కొమ్మ గింజలన్నీ తెల్లగానే మొలిచి, పదిరోజుల్లో వాలిపోయాయి. పచ్చ కొమ్మవన్నీ పచ్చగా ఎదిగాయి. తండ్రి ఎవరన్నది లెక్కలోకే రాలేదు. నాకు తల తిరిగిపోయింది.

కాలేజీ తెరవగానే మా లెక్చరరుకు చెప్పాను. ఆయన నవ్వి, తాను పుట్టకముందే వేరే దేశంలో ఇదే మొక్క మీద ఈ పరీక్ష చేశారని, ఫలితమూ ఇదేనని చెప్పారు. ఎందుకన్నది మాత్రం ఇప్పుడిప్పుడే తెలుస్తున్నదట. వంశలక్షణాలను మోసే డి.ఎన్.ఏ. కణం లోపలి కేంద్రకంలోనే ఉంటుందని మేం చదివాం. అది కాక, ఆకుకు పచ్చదనమిచ్చే హరితరేణువుల్లో కూడా వాటి సొంత డి.ఎన్.ఏ. ఉందని ఈ మధ్యే కనిపెట్టారట. ఈ చెట్టులో ఆ రేణువులు గింజలోకి తల్లి నుంచే వస్తాయి, పుప్పొడి తేదు. చెరువులోని నీలి ఆకుపచ్చ నాచుకైతే కేంద్రకమే లేదట. దాని డి.ఎన్.ఏ. కణం నడుమ ఊరికే పరుచుకుని ఉంటుందట. హరితరేణువు కూడా ఏనాడో అలాంటి నాచేనేమోనని కొందరు ఊహిస్తున్నారన్నారు. ఆ రోజు హాస్టలుకు నడుస్తూ దారిలో కనబడ్డ ప్రతి ఆకునూ ఆగి చూశాను.

కొన్నాళ్లకు అవ్వ చుట్టాల పెండ్లికని నల్లగొండ వచ్చింది. లెక్చరరు తీసుకురమ్మంటే ల్యాబుకు తీసుకువెళ్లాను. నీటి మొక్క ఆకు ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టారు. అవ్వ కొంగుతో కన్ను తుడుచుకుని వంగింది. గదుల్లాంటి కణాల్లో పచ్చటి రేణువులు అంచు వెంబడి మెల్లగా తిరుగుతున్నాయి. అవ్వ చాలాసేపు తల ఎత్తలేదు.

ఒక కణం రెండయితే ఈ రేణువులు రెండింటికీ పోతాయని, మచ్చల కొమ్మలో పచ్చవీ, పాలిపోయినవీ కలిసి ఉండి, ఒక్కోసారి ఒక దిక్కుకు పాలిపోయినవే చేరి, అక్కడ తెల్ల కొమ్మ వస్తుందని ఆయన వివరించారు.

"గింత సన్నటి దాంట్ల ఎవలు పంచుతున్నరు సారూ?" అని అడిగింది అవ్వ.

ఆయన అవ్వ పక్కనే స్టూలు మీద కూర్చున్నారు.

"ఇంకా తెల్వదమ్మా. ఎవలకూ తెల్వదు."

అవ్వ తలూపి, మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగింది. తాళం వేయడానికొచ్చిన అటెండరు కూడా తొందరపెట్టక, తలుపు దగ్గరే నిలబడ్డాడు.