కింద పడకూడని వీణ

మా విఠల మందిరంలో ఏటా మార్గశిరంలో సప్తాహం జరుగుతుంది. ఏడు రోజులూ నామం ఆగదు, వీణ కింద పెట్టరు. అది ఒకరి భుజం మీది నుంచి మరొకరి భుజం మీదికి మారుతుంది. మారేటప్పుడు ఇచ్చేవాడు తీసుకునేవాడి కాళ్లకు మొక్కుతాడు, తీసుకునేవాడు ఇచ్చేవాడి కాళ్లకు మొక్కుతాడు. అందులో చిన్నా పెద్దా లేదు. పొరపాటున వీణ నేలకు తగిలితే, తగిలించినవాడు సభలో ఉన్న ప్రతి ఒక్కరి కాళ్లూ మొక్కి, మళ్లీ మొదటి నుంచి అందుకోవాలి. నాకు తెలిసినంతవరకు నారాయణఖేడ్‌లో ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. రాలేదని చెప్పుకోవడంలో నాకు కొంత గర్వం ఉండేది. మందిరంలో పిల్లలకు శ్లోకాలు నేర్పేది నేనే కనుక, గర్వం మంచిది కాదని వాళ్లకు చెప్పేదీ నేనే.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి కంగ్టి దగ్గరి పల్లె నుంచి ఆదివారాలు ఆటోలో వచ్చేది. చదివేది ఏడో తరగతి. గీత పదిహేనో అధ్యాయం ఇరవై శ్లోకాలు తప్పు లేకుండా చెప్పినవాళ్లకు సప్తాహంలో గంటసేపు వీణ ఇస్తానని ఒకసారి అన్నాను. పిల్లల్ని ఊరించడానికి అన్న మాట అది. ఆమె రెండు నెలల్లో నేర్చుకుని వచ్చి నా ముందు నిలబడింది. దసరా అయిన వారానికి మళ్లీ వచ్చి నిలబడింది.

"తాతా, మా అమ్మనాయిన చెరుకు కొట్టనీకి పోతుండ్రు. నన్ను గూడ తోల్కపోతరట. మరి నా వీణ?"

"వచ్చే ఏడు పట్టుకుందువు తీ."

"వచ్చే ఏడు గూడ పోతం గద తాతా."

దీనికి నేను చదివిన శాస్త్రంలో జవాబు దొరకలేదు. మా అన్న కూతురి దగ్గర దొరికింది. ఆమె ఊళ్లోనే ఒక బడిలో కంప్యూటర్ చెబుతుంది. ఫోన్లో ఒక ప్రపంచం ఉంటుందట. అందులో ఇల్లు కట్టవచ్చు, తరగతి పెట్టవచ్చు, ఎక్కడున్న పిల్లలైనా తలా ఒక బొమ్మ రూపంలో వచ్చి కూర్చోవచ్చు. బొమ్మను అవతార్ అంటారని చెప్పింది. అవతారాల మీద వారం రోజులు ప్రవచనం చెప్పినవాణ్ని కాబట్టి ఆ మాటకు నేను ఒప్పుకోలేదు. బొమ్మ అనే అన్నాం.

ఆమె నాలుగు రోజుల్లో అందులో మా మందిరాన్ని కట్టింది. చెరుకు పనికి వెళ్లిన కుటుంబాల పిల్లలు ఐదుగురు అక్కడికి వచ్చారు. మొదటి పాఠం నేను గోడకు చెప్పాను. నా బొమ్మను వెనక్కి తిప్పడం నాకు తెలియలేదు, గురువు ఎటు చూస్తే అటే చూడాలి కనుక పిల్లలూ గోడనే చూశారు. రెండో పాఠంలో బొమ్మల బూట్లు నా కంటబడ్డాయి. మందిరంలో బూట్లా! విప్పమన్నాను. విప్పే మీట లేదట. పాఠం ఆపి, గుమ్మం బయట చెప్పుల స్టాండు కట్టించాను. అప్పటి నుంచి బొమ్మలు ఆ స్టాండు దగ్గర ఒక్క నిమిషం నిలబడి, బూట్లతోనే లోపలికి వచ్చేవి. నాకు తృప్తి కలిగింది.

చివరికి వీణ కూడా తయారైంది. అప్పుడు మా అన్న కూతురు ఒక మాట అడిగింది.

"చిన్నాయినా, నడుమల సిగ్నల్ పోతే బొమ్మ మాయమైతది, చేతిలున్న వీణ కింద పడ్తది. పడకుండ చెయ్యాల్నా?"

"పడనియ్యి," అన్నాను. "పడుతదన్న భయం లేకుంటే ఇగ పట్టుకునుడు ఏంది?"

ఆ జవాబు నాకు బాగా నచ్చింది. ఆ సాయంత్రమే భజన మండలిలో కూడా చెప్పాను. మాకు పఖవాజ్ మద్దెల వాయించే బట్టల దుకాణం సేఠ్ ఇంట్లో కన్నడం, బయట తెలుగు మాట్లాడతాడు, నన్ను మాత్రం రెండింటిలోనూ ఆటపట్టిస్తాడు.

"హౌదా మహరాజ్? ఇగ దేవునికి గూడ రీచార్జ్ చేపిస్తవా?"

సప్తాహం ఐదో రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి వంతు. అదే గంటకు ఇక్కడి వీణ నేను అడిగి తీసుకున్నాను, శిష్యురాలు అక్కడ, గురువు ఇక్కడ ఉంటే చూడ్డానికి బాగుంటుందని. పుస్తకం పెట్టే వ్యాసపీఠం మీద ఫోను నిలబెట్టాం. తెర మూలన చిన్న గడిలో మా సభ ఆమెకు కనిపించే ఏర్పాటు ఉంది. గుడిసెల దగ్గర సిగ్నల్ అందక, చెరుకు నింపిన ట్రాక్టరు బండి మీదికెక్కి కూర్చుందట. నీలం బూట్ల బొమ్మ వీణ ఎత్తుకుంది. వెనక నామం సన్నగా సాగుతుంటే శ్లోకాలు మొదలయ్యాయి. ఆ గొంతు విని, అక్షరం పొల్లుపోకుండా నేర్పానని నన్ను నేనే మెచ్చుకుంటూ ఉన్నాను.

పధ్నాలుగో శ్లోకం సగంలో గొంతు ఆగింది. బొమ్మ మాయమైంది. వీణ నేల మీద పడింది. చప్పుడేమీ రాలేదు కానీ సభంతా "అయ్యో" అంది. నేను ఒక్క అంగలో వెళ్లి రెండు చేతులతో ఫోను పట్టుకున్నాను. అందరూ నా చుట్టూ మూగారు. మూలన ఇద్దరు మాత్రం తాళాలు వదల్లేదు, అందుకే నామం ఆగలేదని తరువాత తేల్చుకున్నాం.

"ఉత్త బొమ్మ మహరాజ్. పడితే ఏమైతది?" అన్నాడు సేఠ్.

"గర్భగుడిల ఉన్నది గూడ రాయేనంటవా?" అన్నాను. ఆ జవాబు కూడా నాకు నచ్చింది.

ఫోను మళ్లీ పీఠం మీద నిలబెట్టాను. కాసేపటికి బొమ్మ తిరిగి వచ్చింది, దాని వెనక ఏడుపు వచ్చింది.

"తాతా, బండి కదిలింది, నేను దుంకిన. అంతల సిగ్నల్ పోయింది, గట్టెక్కితె మళ్ల వచ్చింది. నా గంట పోయిందా తాతా?"

మారు మాటాడకుండా వీణ తీసుకోమంటే సరిపోయేది. నేను నియమం చెప్పాను. అందరి కాళ్లు మొక్కాలి, మొదటి శ్లోకం నుంచి అందుకోవాలి. బొమ్మకు వంగడం రాదు, కూర్చునే మీట ఒక్కటే ఉంది. ఆమె ముక్కు ఎగబీలుస్తూ మిగతా నాలుగు బొమ్మల ముందూ, చివరికి నా బొమ్మ ముందూ ఆ మీట నొక్కి కూర్చుని లేచింది.

"అక్కడ కూసున్నోళ్లకు గూడనా తాతా?"

"అందరికీ."

ఎవరెవరున్నారో చూడ్డానికి కాబోలు, ఒకటీ రెండూ అని లెక్కపెట్టడం వినిపించింది. తరువాత ఏడుపు లేని గొంతుతో అడిగింది.

"తాతా, నీ వీణ ఏది?"

వెనక్కి తిరిగాను. వీణ స్తంభానికి ఆని ఉంది. దాని బుర్ర నేల మీద పరిచిన జంఖానా మీద ఉంది. అక్కడ పెట్టింది నేనే, పెట్టినట్టు నాకు తెలియను కూడా తెలియదు. సభలో ఎవరూ చూడలేదు, అందరూ పడిపోయిన ఆ వీణనే చూస్తున్నారు.

సేఠ్ తీరికగా తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "బండి గూడ ఎక్కలేదు గద. నీ సిగ్నల్ ఎట్ల పోయింది మహరాజ్?"

నలభై మంది దాకా ఉన్నారు. నాకు కూర్చునే మీట లేదు. మోకాళ్లు పట్టుకుని వంగుతూ లేస్తూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాను. సేఠ్ కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నవాడు, నా సౌకర్యం కోసం చాపాడు. చివరి స్తంభం దగ్గర, అందరూ అయ్యారనుకుని కూలబడబోతుంటే ఫోన్లోంచి గొంతు వచ్చింది.

"తాతా, స్తంభం ఎనక ఒకాయన మిగిలిండు."

ఆయనకూ మొక్కాను. మా అన్న కూతురికీ మొక్కాను, ఆమె సిగ్గుపడి గోడకు అతుక్కుపోయింది. చివరికి వ్యాసపీఠం దగ్గరికి వచ్చి, నేనే చెప్పుల స్టాండు కట్టించిన ఆ ప్రపంచంలో, నీలం బూట్లకు నుదురు ఆనించాను.

"ఇగ తీసుకో బిడ్డా," అన్నాను.

"నువ్వు గూడ తీసుకో తాతా."

వీణ భుజానికి తగిలించుకుంటుంటే మా అన్న కూతురు మెల్లగా అడిగింది, ఇప్పుడైనా పడకుండా మార్చమంటావా అని. వద్దన్నాను. ఈసారి ఆ జవాబు నాకు అంతగా నచ్చలేదు.

ఆ అమ్మాయి మొదటి శ్లోకం ఎత్తుకుంది. నేను వెనక అందుకున్నాను. పధ్నాలుగోది వచ్చేసరికి నా వేళ్లు వీణ మీద గట్టిగా బిగుసుకున్నాయి. అక్కడ ఆ చెరుకు తోట గట్టున ఆమె ఫోనును ఎంత గట్టిగా పట్టుకుందో, కెమెరా మీట నొక్కుకుపోయి తెరంతా అడ్డంగా ఆమె బొటనవేలే కనిపించింది.