ఐసు ఫ్లాస్కులో రక్తం

కీమో తర్వాత మా ఆవిడకు వేసే సూదిమందుల్ని అబిడ్స్ మందుల షాపు నుంచి ఇంటిదాకా ఐసు ఫ్లాస్కులో మోసిన ఘనత నాది. హిమాలయాల్ని భుజానేసుకుని కోఠి బస్సెక్కినంత గొప్పగా మోశాను.

అంత మోసినా రొమ్ములో మొదలైన క్యాన్సర్ కాలేయానికి పాకింది. మందు పనిచేయడం మానేసింది. పరీక్షకని కాలేయంలోంచి ముక్క తీయించుకునే ఓపిక ఆమెకు లేదు. డాక్టరుగారు ఇంకో దారి చెప్పారు. గడ్డ నుంచి ఊడిన కణాలు కొన్ని రక్తంలో తిరుగుతుంటాయట. వాటిని ఏరి, ఒక్కొక్కదాని జన్యువుల్ని విడిగా చదివితే ఏ మందుకు లొంగుతాయో తెలియొచ్చట. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో ఆదివారం జనంలోంచి నలుగురు జేబుదొంగల్ని ఏరి, ఎవడి జాతకం వాడికి చెప్పించడమన్నమాట!

రొమ్ము ఆపరేషనైన వైపు చేతికి సూది గుచ్చకూడదు. మిగిలింది ఒక్క చెయ్యి. అబిడ్స్ ఆస్పత్రిలో నర్సు మూడుచోట్ల పొడిస్తే గానీ నరం దొరకలేదు. మా ఆవిణ్ణి అక్కడే బల్లమీద కూర్చోబెట్టి, నాంపల్లి ల్యాబులో ఇమ్మని రక్తం గొట్టం నాకిచ్చి, నర్సు ఇంకేదో చెప్పబోయింది.

"నాకు తెలుసమ్మా, అనుభవం ఉంది" అన్నాను.

జ్యూస్ బండి దగ్గర ఐసు అడుక్కుని, ఫ్లాస్కు నింపి, నాంపల్లి ల్యాబులో ఘనంగా దిగాను. అక్కడి అమ్మాయి మూత తీసింది.

"ఏంది సార్ గిది? చేపలు తెచ్చినట్టు తెచ్చిన్రు?"

"చల్లగా ఉండాలిగా!"

"గిది వేరే గొట్టం సార్, ఐసుల పెడితే కణాలు ఖరాబైతయి. మీద రాసే ఉంది, జర చూసుకోవద్దా? మళ్ళ తియ్యాలె."

కళ్ళజోడు పెట్టుకుంటే ఆ హెచ్చరిక చార్మినారంత కనబడింది.

తిరిగి అబిడ్స్‌కు వెళ్ళాను. ఆమె దూది అదుముకుని కూర్చుంది.

"ఇంటికేనా?" అంది.

చెప్పాను. దూది తీసి పక్కన పెట్టింది. తర్వాత అదే చెయ్యి మళ్ళీ నర్సు ముందు చాపింది. ఈసారి నాలుగు పోట్లు.

"ఏవండీ, గొట్టం నేను పట్టుకుంటా. మీరు చేతులు జేబుల్లో పెట్టుకుని రండి."

నాంపల్లి దాకా ఆటోలో దాన్ని గుప్పెట్లోనే పట్టుకుంది. నేను చెప్పినట్టే చేతులు జేబుల్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాను.

కొన్ని వారాలకు డాక్టరుగారు పిలిచారు. దొరికినవి నాలుగు కణాలు. మూడు చదవడానికి పనికిరాలేదు. చదవగలిగిన ఆ ఒక్కదానిలో ఒక మార్పు కనబడింది, దానికి మందుంది.

"ఒక్క కణాన్ని చూసి గట్టిగా చెప్పలేను. వాడి చూద్దాం" అన్నారు.

తగ్గుతుందా అని మా ఆవిడ అడగలేదు.

"ఆ మందు ఐసులో పెట్టాలా డాక్టరుగారూ?"

"అక్కర్లేదమ్మా, మాత్రలే."

"హమ్మయ్య" అని, అక్కడే నా భుజానికి తల ఆనించింది.