ఎడమవైపు నోరున్న నత్త

నా బీరువాలో, చీరల కింద, ఒక పాత పౌడరు డబ్బా ఉంది. అందులో వేలెడంత నత్తగుల్ల. అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. ఇరవై ఏళ్ళకు పైగా నేను మోస్తున్న బరువు మాత్రం అదే. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

పైడితల్లిది మునగపాక దగ్గర పల్లె, నాది అనకాపల్లి. డిగ్రీలో ఇద్దరం ఒకే బెంచీ. క్లాసులో ఫస్టు నేనే, పొగరూ నాకే ఎక్కువ. పైడికి పుస్తకం అంతగా ఎక్కేది కాదు గానీ దాని కంటికి దొరకనిది ఉండేది కాదు. జువాలజీ సార్ ఒకరోజు మా అందరినీ పూడిమడక వైపు తీసుకెళ్ళారు, ఉప్పుటేరు ఒడ్డున మడచెట్ల దగ్గరికి. తలుచుకుంటే ఆ బురద వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది. ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, జారిపడిన వాళ్ళను చూసి పడీపడీ నవ్వుకున్నాం. పైడి తెచ్చిన పులిహోర అందరికంటే నేనే ఎక్కువ తిన్నాను.

ఆ పొడుగు నత్తలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి, మేకుల్లా మొన తేలి. ఎలా విడదీయాలో సార్ చూపించారు. చుట్ల మీద గీతలు నిలువా అడ్డమా, నోటి అంచు బయటికి మడిచినట్టుందా, చెట్టు మొదలుకు పాకుతోందా, బురదలో పడుందా. అన్నిటికంటే ముందు గుల్లను పట్టుకోవడం నేర్చుకోండి అన్నారు. మొన పైకి, నోరు మన వైపుకు. అలా పడితే నోరు కుడిచేతి వైపు వస్తుంది. ఎక్కడో అరుదుగా ఎడమవైపు వచ్చేది ఒకటి పుడుతుందట. తన సర్వీసులో ఆయన కూడా చూడలేదట.

తిరుగు బస్సులో పైడి నా చెవి దగ్గరికి వచ్చింది. “ఒసే, ఇది సూడే. నోరు ఎడంపక్కకుంది!”

చూశాను. మళ్ళీ చూశాను. నిజమే. తన బ్యాగు జిప్పు ఊడిపోయిందని, నా టిఫిన్ బాక్సులో దాచమని, రేపు సార్‌కి చూపిద్దామని, దాన్ని నా చేతిలోనే పెట్టింది.

ఇంటికెళ్ళాక దాన్ని బాక్సులోంచి తీసి తిప్పి తిప్పి చూశాను. కడుపు మండిపోయింది. పుస్తకం మొత్తం బట్టీ పట్టింది నేనైతే, దొరికింది దానికా? పొద్దున్న బయల్దేరే ముందు అసలుదాన్ని పౌడరు డబ్బాలో వేసి, బాక్సులో నేను ఏరుకొచ్చిన మామూలు గుల్ల పెట్టాను. తర్వాత నాకే దొరికిందని చెప్పుకుందామనా? ఏమో, అంత దూరం ఆలోచించాననుకోను, దానికి ఆ పేరు రాకుండా ఉంటే చాలనుకున్నాను.

ల్యాబులో పైడి అందరికీ వినపడేలా చెప్పింది. సార్ నా బాక్సులోంచి గుల్లను అందుకుని చూశారు. తిరగేశారు. “ఇలా తలకిందులుగా పట్టుకుని ఉంటావమ్మా. అప్పుడు నోరు ఎడమకే కనిపిస్తుంది.” క్లాసంతా గొల్లుమంది.

పైడి నా వైపు తిరిగింది. “నువ్వూ సూసేవు కదే? సెప్పవే సార్‌కి.”

“నేను సరిగ్గా సూడలేదే. బస్సు కుదుపులకి నీకలా కనపడిందేమో.”

గుల్ల కాజేయడం కంటే ఈ మాట పెద్ద పాపం. అది నన్ను అనుమానించాలి కదా? బాక్సు నాది, చేయి నాది. అనుమానించలేదు. నన్ను అనుమానించే బదులు తన కళ్ళను అనుమానించింది. ప్రాక్టికల్ పరీక్షలో బల్ల మీద పెట్టినవాటిని గుర్తుపట్టి పేర్లు రాయాలి. నా పక్క బల్ల దగ్గరే నిలబడి రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది, కొట్టేసింది. ఎమ్మెస్సీ చేద్దామని నన్ను ఊదరగొట్టింది అదే. చివరికి అప్లికేషన్ కూడా తెచ్చుకోలేదు. ఆ గుల్లను నేనూ ఎవరికీ చూపించలేకపోయాను, చూపిస్తే దానికి తెలిసిపోతుంది.

ఇప్పటికీ మేం స్నేహితులమే. అదే మరీ ఘోరం. మొన్న ఇద్దరం కలిసి బెల్లం కొనడానికి వెళ్ళాం. పైడి దిమ్మను వెలుతురుకు తిప్పి రంగు చూసింది, చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకుంది. చెరకు తోటల్లో పెరిగిన మనిషి, దానికి తెలియని బెల్లమా? అయినా దిమ్మను నా చేతికిచ్చింది.

“నువ్వు సూసి సెప్పే. నా సూపు తలకిందులు కదేటి?” అని నవ్వింది.

ఆ నవ్వు చూసి నా ప్రాణం చచ్చిపోయింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. “బాగుందే, తీసుకో” అన్నాను.

ఏ మొహం పెట్టుకుని చెప్పను? చెబితే క్షమిస్తుందేమో, దాని మనసు అలాంటిది. క్షమిస్తే మాత్రం ఆ చదువు తిరిగొస్తుందా? ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. మీకు చెప్పాక మాత్రం గుండె కాస్త తేలికపడింది, దానికీ సిగ్గుగానే ఉంది.

ఇది రాస్తూ డబ్బా తెరిచాను. మొన పైకి పెట్టాను. నోరు నా వైపుకు తిప్పుకున్నాను. ఎడమవైపే ఉంది. సరిగ్గానే సూసేవే, పైడీ.