నేను అరవని ఆదివారం

కూరలో వెంట్రుక వచ్చిందని ఆ శనివారం అన్నం పళ్లెం విసిరేశాను. ఎవరికీ తగల్లేదు. కానీ మా తొమ్మిదేళ్ల పాప చాలాసేపు వంటింటి తలుపు వెనకే ఉండిపోయింది. అలా విసరడం నాకు అది మొదటిసారి కాదు.

మర్నాడు పొద్దున చాయ్ గ్లాసు నా ముందు పెట్టి, నా భార్య నిలబడే చెప్పింది.

"రేపు పొద్దటి బండికి పాపను తీస్కొని డోర్నకల్ పోత. మల్ల ఎప్పుడొస్తనో తెల్వది. పోవద్దంటవా, ఇయ్యాల ఒక్కరోజు ఇంట్ల నీ లొల్లి ఇనవడొద్దు."

డోర్నకల్ ఆమె పుట్టిల్లు. బడికి వేసవి సెలవులు కూడా ఇచ్చారు. సరేనన్నాను. సాయంత్రం సినిమాకు తీసుకుపోతానని కూడా అన్నాను. ఒక్కరోజు నోరు మూసుకోవడం ఏమంత కష్టమనుకున్నాను.

తొమ్మిదింటికి ఆమె మోటారు కట్టేయడం మరిచిపోయింది. ట్యాంకు పొంగి, డాబా మీద ఆరబోసిన మిరపకాయలన్నీ తడిసిపోయాయి. నేను ఏమీ అనలేదు. పైకెక్కి తడిసిన కాయలను ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాను. ఆమె సాయానికి వంగితే చేయి అడ్డం పెట్టాను.

నన్ను సంతోషపెట్టాలని పాప నా తెల్లచొక్కా ఇస్త్రీ చేయబోయి కాలర్ కాల్చింది. అప్పుడూ ఏమీ అనలేదు. ఆ చొక్కాను తీసుకెళ్లి ముందుగదిలో మేకుకు తగిలించాను, అందరికీ కనబడేట్టు. మధ్యాహ్నం పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. మాట్లాడకుండా మొత్తం తిన్నాను. "ఇంకేమన్న చెయ్యాల్నా?" అని ఆమె అడిగితే తల అడ్డంగా ఊపి లేచి వెళ్లిపోయాను. నా ఓర్పు నాకే గొప్పగా అనిపించింది.

మా ఇల్లు జనగామలో బచ్చన్నపేట రోడ్డు చివర. సాయంత్రం బయల్దేరిన కాసేపటికే బండిలో పెట్రోలు అయిపోయింది. నేను నెడుతుంటే వాళ్లిద్దరూ వెనక నడిచారు. పంక్చర్ షాపు అతను మమ్మల్ని చూసి ఊరుకోలేదు.

"ఏందన్నా, బండిని వాకింగ్‌కు తీస్కపోతున్నవా? ఎట్లైన నెడుతనే ఉన్నవ్, వదినెనన్న కూసోవెట్టరాదు."

నా భార్య ఫక్కున నవ్వింది. నేను వెనక్కి తిరిగేసరికి ఆపేసింది.

ఆట మొదలైన పావుగంటకు హాల్లోకి వెళ్లాం. తెర మీద ఒక పెళ్లికొడుకు గుర్రం మీంచి జారి పందిరి గుంజకు వేలాడుతున్నాడు. హాలంతా నవ్వుతోంది. మా ఇద్దరి మధ్య కూర్చున్న పాప పెదాలు విచ్చుకున్నాయి గానీ నవ్వు బయటికి రాలేదు. ముందు నా ముఖంలోకి చూసింది. నేను నవ్వాను. అప్పుడు నవ్వింది. తర్వాత నవ్వొచ్చిన చోటా అంతే. ఆ తర్వాతా అంతే. ఇక నాకు సినిమా ఎక్కలేదు.

ఇంటర్వెల్‌లో పాప సమోసా తింటూ పోస్టర్లు చూస్తోంది. నా భార్యను పక్కకు పిలిచి అడిగాను.

"నవ్వేముందు నా మొఖం చూస్తుంది. ఎప్పటిసంది గిట్ల?"

"నీకు ఇయ్యాల కనవడ్డదా?" అంది.

పాప వైపు ఒకసారి చూసి మళ్లీ తనే అంది. "రోజూ అరుస్తవు, ఐపోతది. ఇయ్యాల పొద్దుగాలసంది ఎప్పుడు అందుకుంటవో అని పానం పానంల లేదు. ఆ పరేషాన్ల ఉప్పు ఏసిందే మల్ల ఏసిన." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయినా నువ్వు మాట తప్పలే. నేను గూడ తప్ప. రేపు పోను."

పొద్దంతా ఆ మాట కోసమే ఎదురుచూశాను. తీరా విన్నాక సిగ్గేసింది. ఆమెను నేను ఆపలేదు, కట్టేశాను.

"పో" అన్నాను. "పాపకు జర నిమ్మళంగ ఉంటది. నేను పిలువ. నీకు రాబుద్ధయినప్పుడే రా."

ఆమె నా ముఖంలోకి చూసింది, లోపల పాప చూసినట్టే.

"కోపంతోని అంటున్నవా?"

కాదన్నాను. నా గొంతు నాకే కోపంగా వినబడింది. మెల్లగా మరోసారి చెప్పాను. ఆమె చూపు మారలేదు.

మర్నాడు పొద్దున స్టేషన్‌లో రైలెక్కి కూర్చున్నాక, కిటికీలోంచి మళ్లీ అదే అడిగింది. మళ్లీ కాదన్నాను. రైలు కదులుతుంటే, ఎప్పుడొస్తారని అడగబోయాను. అడగలేదు.