పక్క మంచం సంగతి

2022 జూలై 12, మంగళవారం, ఉదయం పదకొండుంబావుకు ఖాసింబీ చంక కర్రల మీద నా గదిలోకి వచ్చింది. అది అనంతపురంలో ఒక ఎముకల ఆసుపత్రి. ముప్పై నాలుగేళ్ల నర్సు ఉద్యోగం ముగిశాక నేను అక్కడ టాక్ థెరపీ చేసేదాన్ని. ఆపరేషన్ తర్వాత ఎముక అతుక్కున్నా కొందరికి నొప్పి ఏళ్ల తరబడి వదలదు. కదిపితే ఏమవుతుందోనన్న భయం దానికి ఒక కారణం. ఆ భయాన్ని మాటల్లో బయటికి తీసి, మెల్లగా పోగొట్టడం మా పని. వారానికి అరగంట, ఆరు వారాలు.

ఖాసింబీకి ముప్పై ఎనిమిదేళ్లు. బుక్కరాయసముద్రంలో జాకెట్లు కుట్టేది. స్కూటర్ మీంచి పడి కుడి మోకాలి కింద ఎముక విరిగితే లోపల రాడ్ వేశారు. ఆమెది కాలితో తొక్కే మిషను.

"నేను మళ్లా మిషను తొక్కుతానా సిస్టరమ్మా?" అని అడిగింది. తొక్కుతావన్నాను.

మా ఫారంలో మొదటి గడి పెయిన్ స్కోర్. నొప్పి పదికి ఎంతో రోగి చెప్పాలి. ఆమె అంకె చెప్పకుండా, "మా పక్క మంచం ఆయప్ప..." అని మొదలుపెట్టింది. బయట ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు.

"పక్క మంచం సంగతి నీకెందుకు? నీ కాలి సంగతి చెప్పు," అన్నాను.

ఆరు అంది. తర్వాతి వారాల్లో ఐదు, ఐదు, నాలుగు, మూడు, రెండు. పీర్ల పండుగ నాడు కూడా రావడం మానలేదు. 'భయాలు' అన్న గడిలో ఆరుసార్లూ 'లేవు' అని రాశాను. ఆ ఫైలును కొత్త నర్సులకు నమూనాగా చూపించాను కూడా.

మరుసటి ఫిబ్రవరి 9న జాకెట్ గుడ్డ తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆమె కుడి పిక్క చిక్కిపోయి ఉంది. ఎముక అతికిందని డాక్టరు చెప్పారట, నొప్పి మాత్రం పగలూ రాత్రీ ఉందట. అప్పుడు చెప్పింది. ఆమెను ఇంటికి పంపిన రోజే, అంతకుముందు పక్క మంచంలో ఉన్నాయనను రాడ్ విరిగిందని మళ్లీ తీసుకొచ్చారు. ఆ భయంతో మా ముందు నాలుగడుగులు వేసేది గానీ, ఇంట్లో ఆ కాలు నేలకు ఆనించలేదు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పబోతే వద్దంటిరి కదమ్మా. నేను తక్కువ చెప్పేకొద్దీ మీ మొగం వెలిగిపోతాండె. పెద్దామె సంతోషపడతాదిలే అని తగ్గిస్తా వస్తి."

అని నవ్వింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆయనది అతకని ఎముక, అందుకే రాడ్ విరిగింది. నీది అతుకుతోంది చూడు అని ఎక్స్‌రే చూపించడానికి మొదటి రోజే అయితే రెండు నిమిషాలు చాలేవి. ఆ మాట ఆమె ఇంట్లో చెప్పాను, ఏడు నెలలు ఆలస్యంగా. ఆమెతో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఫారం తీయలేదు, ఆమె ఎక్కడ మొదలుపెడితే అక్కడి నుంచే విన్నాను. నొప్పి తగ్గింది, పోలేదు.

మొదటి ఆరు విడతలు కలిపి నూట ఎనభై నిమిషాలు. అందులో ఆమె మాట్లాడినవి ఇరవైకి మించవు. పోయినవి ఏడు నెలలు, ఒక కాలి బలం, పదహారేళ్లు తొక్కిన మిషను. దాన్ని చెల్లెలికి ఇచ్చేసింది.