తారు మీద యాసంగి వడ్లు

ఆ రోజుల్లో శంషాబాద్ మీది ఆకాశం ఖాళీగా ఉండేది. ఇప్పుడు మా డాబా మీద కూర్చుంటే ఒక విమానం కళ్లెదుట నుంచి పోయేలోగా ఇంకొకటి దిగడానికి వరసలో నిలబడి ఉంటుంది. అప్పుడు మాత్రం రెక్కలు కదపకుండా తిరిగే గద్దలు, ఎటూ పోని ఎండాకాలపు తెల్లమబ్బులు, ఎక్కడో పాల్మాకుల వైపు నుంచి మా రోడ్డు రోలర్ గుడగుడ, అంతే. (ఏ సంవత్సరమో నాకు తారీఖుతో సహా తెలుసు. రాస్తే మీరు వేళ్ల మీద నా వయసు లెక్కేస్తారు, అందుకని రాయను.) ఈ మధ్య మధ్యాహ్నాలు కునుకు పట్టీ పట్టనప్పుడు ఆ గుడగుడే మళ్లీ వినిపిస్తుంది. దాని వెనకే కొత్త తారు వాసన వస్తుంది, అందులో కలిసి కొత్త వడ్ల వాసన. ఆ రెండూ ఒక్కచోట కలిసిన రోడ్డును నేనే దగ్గరుండి వేయించాను. అలా కలుస్తాయని మాత్రం నాకు చివరిదాకా తెలియదు.

నేనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన ఓవర్సీర్‌ని. పొలాల నుంచి అంగడి దాకా బండ్లు బురదలో దిగబడకుండా రావాలని పల్లెలకు రోడ్లు వేయిస్తున్న కాలం అది. పాల్మాకుల దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊరి రోడ్డు నాకు అప్పజెప్పారు. ఆడపిల్ల ఓవర్సీర్‌గా వస్తుందని ఎవరూ అనుకోలేదు కాబట్టి మొదట్లో ఊళ్లో నన్ను టీకాలేసే నర్సమ్మ అనుకున్నారు. పిల్లలు నా సంచి చూసి పారిపోయేవారు. రోడ్డుకు అది మంచిదే అయింది, కంకర కుప్పల మీద ఎవరూ ఎక్కి ఆడలేదు. కొలతల విషయంలో నేను అప్పుడూ ఇప్పుడూ ఒకటే మనిషిని. (ఈ రోజుకీ పప్పు డబ్బా మీద కొన్న తారీఖు రాసి పెడతాను. మా కోడలు నవ్వుకుంటుంది, నవ్వుకోనీ.) రోడ్డు నడుమ కాస్త ఎత్తుగా, రెండు అంచులకూ వాలుగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. ఆ వాలు సరిచూడటానికి మనిషి కన్నా పొడుగైన కొయ్య పలక ఒకటి ఉంటుంది. దాన్ని నేను అడుగడుగునా అడ్డంగా ఆనించి, వంగి, కింద సందు కనిపిస్తే "చాచా, వెనక్కి" అనేదాన్ని. రోలర్ నడిపే ఆయన్ను ఊరంతా రోలర్ చాచా అనేవారు. ఆయన తల పట్టుకుని "అమ్మా, నువ్వు రోడ్డు ఏపిస్తున్నవా, అద్దం ఏపిస్తున్నవా? జర రహం జేయి, జాలి జూపు" అంటూనే వెనక్కి వచ్చేవాడు.

ఆ ఊరికి నడుమ ఒక వాగుంది. ఇవతల ఇళ్లు, అవతల సగం పొలాలు. మొదటి విడతలో పెద్ద రోడ్డు నుంచి వాగు దాకా మాత్రమే వేయాలి. మా పై అధికారి (మేమంతా పెద్దసారు అనేవాళ్లం) వచ్చి చూసి, బాగుందని సంతకం పెడితేనే వాగు మీద వంతెన, అవతలి రోడ్డు రెండో విడతలో వస్తాయి. అదీ వానలు పడకముందే తేలాలి. తేలకపోతే ఆ రోడ్డు ఇంకో ఊరికి పోతుంది. అవతల పొలాలున్న వాళ్లలో అందరికన్నా పెద్ద గొంతు పెద్దవ్వది. ముందటేడు వానలకు ఆమె టమాట బండి వాగులో ఇరుసు దాకా దిగబడింది. ఎడ్లను విప్పి ఇంటికి తోలుకొచ్చారు కానీ బండి రాలేదు. గంపల్లోని టమాటలు అక్కడే మెత్తబడి, వాగు ఎర్రగా పారిందట. "ఇంకోపారి నా బండి దిగబడ్డదనుకో, ఎద్దును ఇడిసి నిన్నే కాడికి కడ్త బిడ్డా" అని నాతో నవ్వుతూ అనేది. అన్నాక వాగు అవతలికి చూసేది. అప్పుడు నవ్వేది కాదు.

ఇక రోడ్డు మీద ఆ ఊరికున్న ప్రేమ చూస్తే నా ఒళ్లు పులకరించేది. పొద్దు వాలే వేళకు మగవాళ్లు గుంపుగా వచ్చి వంగి, అరచేత్తో తారును తడిమేవారు, కొత్తగా కొన్న ఎద్దు వీపు తడిమినట్టు. "ఓవర్సీరమ్మా, గీడ జర గరుకున్నది, సాపు జేపియ్యరాదు?" అనేవారు. ఆడవాళ్లవి వేరే ప్రశ్నలు. "తారు కాళ్లకు అంటుకునుడు ఎప్పుడు బందైతది?" "గీ ఇసుక పలుకులు ఊడిస్తె పోతయా?" బండి చక్రానికి ఇసుక పలుకుతో ఏం పనో నాకు తట్టలేదు. వీళ్లకు నాణ్యత తెలుసు అనుకుని మరింత సాపుగా చేయించాను. రోడ్డు పూర్తయ్యాక పెద్దవ్వ పొద్దున్నే చీపురు తీసుకుని వచ్చి ఊడవడం మొదలుపెట్టింది. ఆమెను చూసి ఇంటికొకరు వచ్చారు. పొద్దుటి చల్లగాలిలో ఆ చీపుళ్ల చప్పుడు వింటూ నిలబడితే ఊరు మొత్తం నా రోడ్డుకు తల దువ్వుతున్నట్టుండేది. మురిసిపోయి పై ఆఫీసుకు రాసిన రిపోర్టులో "గ్రామస్థులు రోడ్డును తమంతట తామే ప్రతిదినం ఊడ్చి శుభ్రంగా ఉంచుకుంటున్నారు" అని రాశాను. అలాంటి ఊరిని తన సర్వీసులో చూడలేదని, స్వయంగా వస్తున్నానని పెద్దసారు కబురు చేశారు. ఆ మాట ఊళ్లో చెప్పి, "రోడ్డు మీకు ఎలా ఉపయోగపడుతుందో ఆయన చూస్తారట" అని కూడా చెప్పాను. అంతా తలలూపారు.

ఆయన వచ్చే రోజు బారెడు పొద్దెక్కాక నేను బస్సు దిగి, మలుపు తిరిగి, నిలబడిపోయాను. రోడ్డు లేదు. నల్లగా ఉండాల్సిన చోట బంగారు రంగు ఏరు ఒకటి పారకుండా నిలబడి ఉంది. యాసంగి వడ్లు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, చూపు ఆనినంత దూరం, వాగు దాకా. గాలికి సన్నటి పొట్టు లేచి ఎండలో మెరిసి మళ్లీ వాలుతోంది. ఆడవాళ్లు ఉత్తకాళ్లతో ఆ వడ్లలో కాళ్లీడుస్తూ మెల్లగా నడుస్తున్నారు, వాళ్ల వెనక సన్నటి చాళ్లు పడుతున్నాయి. అంతా నిద్రలో జరుగుతున్నట్టుంది. నిజం చెబుతున్నాను, కాసేపు నాకు ఉద్యోగం సంగతే గుర్తు రాలేదు. ఆ ఏట్లో నేనూ అలా నడిచిపోతే ఏ ఊరు వస్తుందో అనుకుంటూ నిలబడ్డాను.

"ఏంది బిడ్డా, గట్ల చూస్తున్నవ్?" అన్న పెద్దవ్వ గొంతుతో మెలకువ వచ్చింది. "మట్టి కల్లంల ఎన్నొద్దులు పట్టేదో! నీ రోడ్డు మీద పోస్తె పొద్దుగూకేసరికి కటకటమంటయి."

"అవ్వా, ఇది రోడ్డు!"

"రోడ్డే తల్లీ. కాదన్ననా?"

"ఇవాళ పెద్దసారు వస్తున్నారని చెప్పాను కదా!"

"చెప్పినవు గదా, రోడ్డు ఎట్ల వాడుకుంటున్నరో చూస్తరని. గందుకే ఊరందరం ఒక్కపారే పోసినం. లేకుంటె వంతులేసుకుందుము."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "తీసేయించు అవ్వా, నీ కాళ్లు మొక్కుతా. ఆయన సంతకం పెట్టకపోతే నీ వాగు అవతలికి రోడ్డు రాదు" అన్నాను. ఆమె ముఖం అప్పుడు మారింది. కానీ అప్పటికే మలుపులో జీపు ఆగింది.

పెద్దసారు కోస్తా మనిషి. బట్టల ఇస్త్రీ, మాట, రెండూ నలగవు. జీపు దిగి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, "రోడ్డు ఎక్కడుందమ్మా?" అన్నారు.

"దీని కింద ఉందండీ."

"నేను రోడ్డు చూడటానికి వచ్చాను. ధాన్యం కొనడానికి కాదు" అంటూ బూటుకాలు ముందుకు వేయబోయారు. ఒక్కసారిగా ఆ కొస నుంచి ఈ కొస దాకా "చెప్పులు! చెప్పులు!" అని కేక లేచింది. మా వైపు కల్లంలో చెప్పులతో అడుగు పెట్టరు. అది ఏ ఇంటి కల్లమైనా, వచ్చింది ఎవరైనా. పెద్దవ్వ చేతులు అడ్డం పెట్టి, "బాపు, జర ఆ బూట్లిప్పు. గిది కల్లం" అంది.

"ఇది ప్రభుత్వం వేసిన రోడ్డమ్మా."

"సర్కారోళ్లు బువ్వ తినరా?"

ఆయన జవాబు కోసం నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. ఆయన బూట్లు విప్పి, మేజోళ్లు మడతపెట్టి వాటిలో దోపి, అంచున వడ్లు లేని చోట పాదం మోపి అంత మనిషీ గంతేశారు. ఎండాకాలపు ఎండకు తారు పెనంలా కాలుతోంది. "ఒట్టి తారు మీద గాదు బాపు, వడ్లల్ల నడువు, కాలదు. కాళ్లు ఎత్తకు, ఈడ్వు. ఆఁ, గట్ల! గట్లనే పో" అని పెద్దవ్వ వెనకే నడిచింది. ఆ విధంగా పెద్దసారు తనిఖీ మొదలైంది. కంకర మందం ఎంత అని ఆయన అడుగుతారు, నేను చెబుతాను, నడుమ పెద్దవ్వ "జర కుడి దిక్కు రా బాపు, గాడ తిరుగలే" అంటుంది, ఆయన కుడి దిక్కు వస్తారు. ముఖంలో గాంభీర్యం చెదరలేదు. వెనక్కి తిరిగి చూస్తే మేము వచ్చిన దారంతా రెండు చక్కటి చాళ్లు. అంత శ్రద్ధగా వడ్లు తిప్పిన మనిషిని ఆ ఊరు అంతకుముందు చూసి ఉండదు.

వాగు ఒడ్డున ఆగాక ఆయన గొంతు తగ్గించారు. "రిపోర్టులో నన్నేం రాయమంటావమ్మా? నాకు రోడ్డు కనబడలేదు. కనబడని రోడ్డును చూపించి రెండో విడత ఎలా అడగను?"

పెద్దవ్వ విన్నది. వాగు అవతల తన పొలం వైపు చూసింది, తర్వాత వడ్ల వైపు, తర్వాత నా వైపు. "తీస్తం" అంది చిన్నగా. "గిప్పుడే తీస్తం సారు. సంతకం మాత్రం ఆపకు."

ఆమె వంగి మొదటి దోసిలి ఎత్తుతుండగానే వెలుతురు మారింది. శంషాబాద్ దిక్కు నుంచి ఎర్రటి దుమ్ము, దాని వెనక నల్లటి మబ్బు. వాగు ఒడ్డున రోలర్ మీద కునుకు తీస్తున్న చాచా లేచి నిలబడి "వానొస్తున్నది! నడిమిట్లకు నూకుండ్రి, నడిమిట్లకు!" అని అరిచాడు. తర్వాత ఎవరు ఏం చేశారో నాకు వరసగా గుర్తు లేదు. (వరస గుర్తు లేకపోవడం నా జీవితంలో బహు అరుదు.) తట్టలు, చేటలు, అరచేతులు. రోలర్‌కు ఆనించి ఉన్న నా వాలు చూసే పలకను ఎవరో లాక్కుని అంచు మీద నిలబెట్టి వడ్లను నడుమకు తోస్తున్నారు. చూద్దును కదా, పెద్దసారు. "రెండో కొస పట్టుకో అమ్మాయ్, చూస్తావేం!" అన్నారు. పట్టుకున్నాను. ఎప్పుడూ రోడ్డును తప్పుపట్టడానికే వాడిన పలక ఆ రోజు వడ్లు నెట్టడానికి ఎంత బాగా పనికొచ్చిందో చెప్పలేను. రోడ్డు నడుమ పొడుగ్గా ఒక కట్టలాగా వడ్లు లేచాయి. వాటి మీద బొంతలు, గోనెసంచులు, చీరలు, చివరికి జీపు మీది గుడ్డ కూడా విప్పి కప్పేశారు. అంతలో పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. తారు మీద నుంచి పొగ లేచింది.

తలదాచుకోవడానికి ఎవరూ పోలేదు. ఆ పొగలో, వానలో, అందరం తడుస్తూ నిలబడి కిందికే చూస్తున్నాం. నీళ్లు వడ్ల కట్ట దగ్గర ఆగలేదు. చెప్పినట్టు విన్న పిల్లల్లా రెండు పాయలుగా చీలి, చెరో అంచుకూ జారి, కాలువల్లోకి దిగిపోతున్నాయి. వాన వచ్చినంత తొందరగానే వెలిసింది. పెద్దవ్వ మోకాళ్ల మీద కూర్చుని, బొంత ఎత్తి, అడుగున చెయ్యి పెట్టి పిడికెడు వడ్లు తీసి కొరికింది. "పొడిగున్నయ్!" అని అరిచింది. పెద్దసారు జుట్టు నుదుటికి అతుక్కుపోయి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చాలాసేపు ఆ జారే నీళ్లనే చూస్తూ, "వాలు బాగా కుదిరిందమ్మా" అన్నారు. తనిఖీ గొంతు కాదది. జీపు ఎక్కి, తడి చేత్తోనే సంతకం పెట్టి, ఒక్క షరతు చెప్పారు. "అవతలి రోడ్డు మీద నాకు గింజ కనబడకూడదు. నీదే పూచీ." నేను సరేనన్నాను. ఊరంతా "అట్లనే సారు" అంది, అవసరమైన దానికన్నా కొంచెం తొందరగా.

వాగు మీద వంతెన లేచింది. అవతలి రోడ్డు పడింది. మొదటి వానలకు పెద్దవ్వ టమాట బండి గలగలమంటూ వంతెన దాటి పోతుంటే, గంపల నడుమ కూర్చున్న ఆమె నా వైపు చూడనైనా లేదు. దాటాక తల వెనక్కి తిప్పి ఒక టమాట నా మీదికి విసిరింది. (పట్టుకోలేకపోయాను.) మళ్లీ వడ్ల కాలం వచ్చినప్పుడు పూచీ గుర్తొచ్చి చూడటానికి పోయాను. అవతలి రోడ్డు మీద ఒక్క గింజ లేదు. సంతోషించేలోపు తెలిసింది, ఎవరి వడ్లు ఎక్కడ పోయాలో తేలక పొద్దటి నుంచి కొట్లాడుకుంటున్నారని. నన్ను చూడగానే "ఓవర్సీరమ్మ కొలిచి పంచుతది, ఇగ లొల్లి బంద్" అన్నారు. నేను పూచీ మాట చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. (పెద్దసారు అన్నది "నాకు కనబడకూడదు" అని. ఆయన అప్పటికే బదిలీ అయి వెళ్లారు.)

ఇప్పుడు కునుకు పట్టని మధ్యాహ్నం కళ్లు మూసుకుంటే అప్పటి నేనే, ఆ ఓవర్సీర్ పిల్లే కనిపిస్తుంది. కొంగు నడుముకు దోపి, పిడికిట్లో సున్నం పొడి పట్టుకుని, ప్రపంచంలో అంతకన్నా పెద్ద పని లేనట్టు ముఖం పెట్టి, ఒక పక్క బండ్లకు దారి వదిలి, మిగతా సగం రోడ్డును ఇళ్లవారీగా గీతలు గీసి పంచుతోంది. ఏ పుస్తకంలోనూ ఆ పని చేయమని లేదు. గీతలన్నీ అయ్యాక పెద్దవ్వ తన వాటా పక్కన నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నా దిక్కు జానెడు తక్కువ పడ్డది బిడ్డా."

"పడదు అవ్వా. నేను కొలిచాను."

"మల్ల కొలువు."

మళ్లీ కొలిచాను. తక్కువే పడింది. ఆ పిల్ల ఎవరి ముఖమూ చూడకుండా గీత చెరిపేసి, పంటి బిగువున నవ్వాపుకుని, మొదటి ఇంటి నుంచి మళ్లీ గీయడం మొదలుపెట్టింది.