ఆవిరి పట్టని చోటు

2022 చలికాలం. ప్రొద్దుటూరులో మాది కళ్లద్దాల కొట్టు. మాస్కుల రోజులు పోయినా యాంటీ ఫాగ్ స్ప్రే అడిగేవాళ్లు ఇంకా వస్తుండేవారు. అద్దం మీద ఆవిరి చుక్కలుగా నిలవకుండా పలచగా పరుచుకునేలా చేసే మందు అది. సబ్బు రుద్దినా అదే పని జరుగుతుందని చెప్పి బేరం పోగొట్టుకోవడం నాకు అలవాటు.

ఒకరోజు జమ్మలమడుగు నుంచి సుగుణ అనే టీచరమ్మ వచ్చింది. భర్త జయరాజు పోయి మూడు నెలలైంది. ఇంట్లో తనూ, అత్త మరియమ్మా ఇద్దరే. వేడినీళ్లు పోసుకుంటే స్నానాలగది అద్దమంతా ఆవిరి కమ్ముతోందట, ఒక్క చోట తప్ప. ఆ చోటు గుండ్రంగా, ఆమె తలకు జానెడు పైన, సరిగ్గా ఆయన మొహం ఉండే ఎత్తులో ఉందట.

"తుడిచినా మళ్లా వస్తాందన్నా. ఆయన ఆడ నిలబడి చూస్తాన్నట్టుండాది. ఇల్లు ఇడిసిపెట్టి పోదామనుకుంటాండా."

నేను అంతా తెలిసినవాడిలా నవ్వాను. గడ్డం గీసుకునేటప్పుడు ఆయన సబ్బు రుద్ది ఉంటాడని, ఆ పొర నాలుగైదు రోజులు ఉంటుందని చెప్పాను.

"ఆయన పోయి మూడు నెలలాయ గదన్నా" అంది. ఆమె మొహంలో రంగు లేదు. నోరు జారినందుకు సిగ్గేసి, ఆ శనివారమే వాళ్లింటికి వెళ్లాను.

స్పిరిట్‌తో అద్దం మొత్తం తుడిచి వేడినీళ్లు వదిలాం. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెల్లగా కమ్ముకుంది. సుగుణ ఊపిరి పీల్చుకుంది. ముందు గదిలో కాఫీ తాగి, మరిచిపోయిన సంచి కోసం మళ్లీ లోపలికి వెళ్లాను. బకెట్లో నీళ్లు ఇంకా పొగలు కక్కుతున్నాయి. అద్దంలో ఆ గుండ్రటి చోటు తేటగా ఉంది. దయ్యాలను నమ్మను గానీ చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

అప్పుడు సబ్బు వాసన తగిలింది. కింద స్టూలు, దాని మీద చిన్న తడి పాదాల గుర్తులు. పెరటి తలుపు దగ్గర మరియమ్మ, గుప్పిట్లో అరిగిపోయిన సబ్బుముక్క.

కొడుకు కొలువు చేసినన్నాళ్లూ, అతను లేవకముందే అద్దానికి తానే సబ్బు రుద్దేదట. జయరాజు లేడు గదా అవ్వా అన్నాను.

"తెలుసు నాయనా. చెయ్యే ఇనడంల్యా."

సుగుణ నా వెనకే వచ్చి నిలబడింది. అంతా విన్నా, అత్త చేతిలో సబ్బు తీసుకోలేదు.

అద్దం గురించి చెప్పేముందు ఆ ఇంట్లో ఎవరేం చేస్తారో అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఏడాది తర్వాత సుగుణ ఫోన్ చేసింది. అత్త పోయిందట. అద్దమంతా తెల్లగా కమ్ముకుంటోందట, ఆ గుండ్రటి చోటుకు స్ప్రే ఒకటి తీసిపెట్టమంది.

"ఎన్నాళ్లుంటాదన్నా అది?"

వారం ఉంటుందన్నాను.

"అయితే వారం వారం నేనే రుద్దుకుంటా" అంది.